సీటు వస్తుందా, రాదా? లెక్క మనమే వేసుకుందాం

(కుంభారి కార్మిక వాడలో, పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లల తల్లిదండ్రుల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సభలోనూ మనం మాట్లాడుకునేది మజూరీ గురించి, బోనస్ గురించి, పి.ఎఫ్. గురించి. ఇవాళ ఆ మాటలు లేవు. గేటు మీటింగు అనుకుని వచ్చినవాళ్ళు కూడా లేవకండి, కూర్చోండి. పెద్ద కాలేజీల్లో మన పిల్లలకు సీటు దొరుకుతుందా లేదా అన్నది ముందే ఎట్లా అంచనా కట్టుకోవాలో, ఆ సంగతి మాట్లాడటానికి పిలిచాం.

ఇది యూనియన్ చేసే పనేనా అని కమిటీలోనే ఒకరిద్దరు అడిగారు. మేము ఆఫీసు రిజిస్టరు తీసి చూపించాం. ఈ ఎండాకాలం మజూరీ తగాదా కోసం మెట్లెక్కినవాళ్ళ కంటే, పిల్లల కోచింగు ఫీజుకు పి.ఎఫ్. అడ్వాన్సు ఫారం నింపించుకోవడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. ఇరవై ఏళ్ళు బీడీలు చుట్టి కూడబెట్టిన డబ్బు, సాంచాల మధ్య దూది మింగి కూడబెట్టిన డబ్బు, ఒక కౌన్సిలర్ చెప్పిన ఒక్క మాట మీద పోతున్నది. ఆ మాట ఏమిటి? "మీవాడికి ఎనభై పర్సెంటు ఛాన్సుంది." అది నిజమో కాదో కనుక్కునే దారి కార్మికునికి తెలియాలి. కట్ పీస్ కింద కోత పెట్టిన సేట్‌ను లెక్క అడుగుతాం కదా, ఈయన్ను ఎందుకు అడగం?

మేము పదో తరగతి దాకా తెలుగు బడిలో చదివి మిల్లులో బదిలీగా చేరినవాళ్ళం. కాలేజీ గుమ్మం ఎరగం. కానీ అంచనా అంటే ఏమిటో మిల్లు గేటు దగ్గరే నేర్చుకున్నాం. ముసలివాళ్ళకు గుర్తుంటుంది. తెల్లారి భోంగా మోగక ముందే బదిలీలందరం గేటు ముందు నిలబడేవాళ్ళం. ఇవాళ పని దొరుకుతుందా? రెండు సంగతులు తెలిస్తే చెప్పవచ్చు. లోపల ఎన్ని సాంచాలకు మనిషి రాలేదు, వరుసలో మన నంబరు ఎంత. పన్నెండు ఖాళీలుండి మనది తొమ్మిదో నంబరైతే ధైర్యంగా డబ్బా పట్టుకుని నిలబడతాం. మనది నలభై అయితే, జాబర్ ఎంత నవ్వుతూ పలకరించినా ఇంటికి పోవలసిందే. జాతర మర్నాడు ఖాళీలు ఎక్కువ, పగారు ముందు రోజు తక్కువ. అది కూడా లెక్కలో వేసుకునేవాళ్ళం.

కాలేజీ సీటు లెక్క కూడా అచ్చం ఇదే. ఖాళీలు ఎన్ని, మన నంబరు ఎంత, పోయిన మూడేళ్ళలో వరుస ఎంత దూరం కదిలింది. ఇంతకు మించి ఏ కౌన్సిలర్ దగ్గరా మంత్రం లేదు.

ముందు పరీక్ష సంగతి చూద్దాం. డాక్టరు చదువుకు నీట్. 2025 లో ఈ పరీక్ష రాసినవాళ్ళు 22 లక్షల పైచిలుకు. అందులో "క్వాలిఫై" అయినవాళ్ళు 12 లక్షల 36 వేల మంది. మన వాడలో క్వాలిఫై అయిన ఇళ్ళల్లో పేడాలు పంచారు. పంచండి, వద్దనం. కానీ దేశం మొత్తం మీద సర్కారీ, ప్రైవేటు అన్నీ కలిపినా ఎం.బి.బి.ఎస్. సీట్లు సుమారు లక్షా ఇరవై వేలు. అంటే క్వాలిఫై అయిన పది మందిలో ఒకరికే సీటు. సర్కారీ కాలేజీలో, మనం కట్టగలిగిన ఫీజులో కావాలంటే ఇరవై మందిలో ఒకరికి. క్వాలిఫై అంటే గేటు దగ్గర నిలబడే పర్మిషన్ చీటీ మాత్రమే. ఈ ఒక్క మాట అర్థం కాక, సీటు వచ్చినట్టే అనుకుని పాత సాంచా అమ్మి హాస్టలుకు అడ్వాన్సు కట్టిన తండ్రిని మేము చూశాం.

ఐ.ఐ.టి. సంగతి ఇంకా గట్టిది. మెయిన్ అని ఒక పరీక్ష, అందులో పైకి వచ్చిన రెండున్నర లక్షల మందికి అడ్వాన్స్‌డ్ అని రెండో పరీక్ష. 2025 లో ఆ రెండోది రాసినవాళ్ళు లక్షా 80 వేలు, పాసైనవాళ్ళు 54 వేలు, సీట్లు 18 వేల చిల్లర. ఇక్కడ కూడా పాసైన ముగ్గురిలో ఇద్దరు ఐ.ఐ.టి. బయటే.

ఇక మార్కుల భ్రమ ఒకటుంది. "మా బావగారి అబ్బాయికి 640 వస్తే దొరకలేదు, మీవాడికి 560 వస్తే ఎట్లా దొరుకుతుంది?" అని పెద్దవాళ్ళే అంటారు. వినండి. 2024 నీట్‌లో 720 కి 650 దాటినవాళ్ళు 30 వేల మందికి పైగా ఉన్నారు. మరుసటి ఏడు పేపరు బరువుగా వచ్చింది. 2025 లో దేశం మొత్తం మీద 650 దాటినవాళ్ళు 73 మంది. అవును, డెబ్బై మూడు మందే. అందరికంటే పైన నిలిచిన పిల్లవాడికే 686. పోయిన ఏడు పనికిరాని మార్కు ఈ ఏడు బంగారం అయింది. నూలు ధర మారినట్టే మార్కు ధర ఏటా మారుతుంది. అందుచేత మార్కు పక్కన పెట్టి ర్యాంకు అడగండి. ర్యాంకే గేటు దగ్గర మన నంబరు.

మహారాష్ట్ర సీ.ఈ.టి. లో పర్సెంటైల్ అని ఇస్తారు. అది పర్సెంట్ కాదు. తొంభై పర్సెంటైల్ అంటే వందకు తొంభై మార్కులు అని మన ఆడవాళ్ళు సంబరపడుతున్నారు. మొగవాళ్ళకు తెలుసని కాదు, వాళ్ళు అడగడానికి సిగ్గుపడతారు, అంతే. లెక్క చూడండి. మూడు లక్షల మంది రాశారనుకోండి. తొంభై పర్సెంటైల్ అంటే మన పిల్లవాడికి ముందు నూటికి పది మంది, అంటే 30 వేల మంది ఉన్నారు. తొంభై ఐదు అంటే 15 వేలు. తొంభై తొమ్మిది అంటే కూడా 3 వేల మంది ముందున్నారు. పుణె, ముంబైల పాత సర్కారీ ఇంజనీరింగు కాలేజీల్లో కంప్యూటర్ శాఖకు తగాదా అంతా ఆ తొంభై తొమ్మిది దాటాక దశాంశాల మీదే. అదే కాలేజీలో టెక్స్‌టైల్ శాఖ, సివిల్ శాఖ వరుస చాలా కిందిదాకా వస్తుంది. కాలేజీ పేరు చూసి దడుచుకోకుండా శాఖవారీగా చూడాలన్నది అందుకే. ముంబైలో వి.జె.టి.ఐ. అని 1887 లో పెట్టిన సంస్థ ఉంది. మొదట్లో దాని పనే బట్టల మిల్లులకు కావలసిన మనుషులను తయారు చేయడం. మన తాతల సాంచాల మీద పుట్టిన కాలేజీ అది. ఆ మెట్లెక్కడానికి మన పిల్లలు ఎందుకు జంకాలో మాకు అర్థం కాదు. జంకు మా దగ్గర కూడా ఉండేది, ఆ మాటకు తర్వాత వస్తాం.

వరుస ఎంత దూరం కదిలిందో ఎక్కడ తెలుస్తుంది? డబ్బిచ్చి కొనవలసిన పని లేదు. ప్రతి రౌండు తర్వాత ఏ కాలేజీలో, ఏ శాఖలో, ఏ జాతి వర్గంలో ఆఖరి సీటు ఎంత ర్యాంకుకు పోయిందో సీ.ఈ.టి. సెల్ జాబితా వేస్తుంది. ఐ.ఐ.టి. లకు జోసా వేస్తుంది. కౌన్సిలర్ కంప్యూటర్‌లో చూపించి వేల రూపాయలు తీసుకునేది ఈ ఉచిత జాబితానే. మూడేళ్ళ జాబితాలు తీయండి. ఆఖరి రౌండు అంకె చూడండి, మొదటి రౌండుది కాదు. మూడింట్లో ఒకటి అన్నింటికంటే బిగువుగా ఉంటుంది, ఒకటి వదులుగా ఉంటుంది. మన ర్యాంకు బిగువు అంకె లోపల ఉంటే, కాగితాలు సరిగ్గా ఉంటే, దాదాపు దొరికినట్టే. రెండింటి మధ్య ఉంటే సగం సగం. వదులు అంకెకు కూడా అవతల ఉంటే ఆశ సన్నం, కానీ సున్న కాదు.

రూలు మారిన ఏడు పాత అంకెలు తప్పుతాయి. 2019 లో ఈ.డబ్ల్యూ.ఎస్. పది శాతం వచ్చింది. 2020 లో మెడికల్ సీట్లకు ఉండిన 70:30 ప్రాంతీయ కోటా మహారాష్ట్ర సర్కారు తీసేసింది. 2024 లో మరాఠా వర్గానికి పది శాతం చట్టం వచ్చింది. ఇట్లాంటి ఏళ్ళలో వరుస చెదిరిపోతుంది. కొత్త కాలేజీ తెరిస్తే వదులవుతుంది. కరెంటు కోత ఉన్న వారం ఎన్ని మీటర్లు దిగుతాయో మామూలు వారం లెక్కతో చెప్పం కదా, అట్లాగే.

ఇప్పుడు ఆ "ఎనభై పర్సెంటు ఛాన్సు" దగ్గరికి వద్దాం. ఎనభై పర్సెంటు అంటే అర్థం ఏమిటి? మీవాడి వంటి పది మంది పిల్లలుంటే ఎనిమిది మందికి దొరుకుతుంది, ఇద్దరికి దొరకదు. ఆ ఇద్దరిలో మీవాడు ఉంటే కౌన్సిలర్ అబద్ధం చెప్పాడని అనలేం. అందుకే వాళ్ళు ఈ మాట అంత ధైర్యంగా అంటారు, పట్టుబడరు గనుక. పట్టుకునే దారి ఒక్కటే ఉంది. "అయ్యా, పోయిన ఏడు మీరు ఎంత మందికి ఎనభై అని చెప్పారు? అందులో ఎంత మందికి దొరికింది? ఆ పేర్లు చూపించండి" అని అడగండి. గోడ మీద ఫోటోలు చూపిస్తాడు. ఫోటోలు దొరికినవాళ్ళవి. దొరకనివాళ్ళ లెక్క అడగండి. మా వెంట వచ్చిన ఒక అక్క లాతూర్ దారిలో ఒక ఆఫీసులో ఇదే అడిగింది. ఆయన టీ తెప్పించాడు, లెక్క తెప్పించలేదు.

2024 జనవరిలో కేంద్ర విద్యా శాఖ కోచింగు సెంటర్లకు నియమాలు వేసింది. పదహారేళ్ళ లోపు పిల్లలను చేర్చుకోరాదు, ర్యాంకు గ్యారంటీ అని చెప్పరాదు. అదే ఏడు నవంబరులో వినియోగదారుల రక్షణ అథారిటీ కూడా తప్పుడు ప్రకటనల మీద నిబంధనలు తెచ్చింది. మన బీడీ కార్డు నిబంధనలు ఎంత అమలవుతాయో ఇవీ అంతే అమలవుతాయి. అయినా ఆ కాగితం చేతిలో పట్టుకుని పోతే మాట్లాడే గొంతు మారుతుంది. హైదరాబాదులో మన చుట్టాలు ఉన్నారు, అక్కడి రెసిడెన్షియల్ కాలేజీల్లో వేయండి అంటారు. కొందరు కోటా దాకా పంపుతామంటున్నారు. ఆ ఒక్క ఊళ్ళోనే 2023 లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. పంపేవాళ్ళు పంపండి. కానీ పిల్లవాడికి ఛాన్సు ఎంతో నిజం చెప్పి పంపండి. "నీకు తప్పకుండా వస్తుంది, మన ఇల్లంతా నీ మీదే" అని బస్సెక్కించకండి. నూటికి పది అని తెలిసి పోయినవాడు తిరిగి ఇంటికి రాగలడు.

ఇంకొక పొరపాటు ఉంది, చదువుకున్నవాళ్ళు కూడా చేసేది. "ఒక్కో కాలేజీలో పది పర్సెంటు ఛాన్సుంది, పది కాలేజీలు రాశాం, కనుక ఎక్కడో ఒక చోట తప్పకుండా వస్తుంది" అంటారు. కాదు. పది సాంచాలు ఒకే లైను మీద ఉన్నాయనుకోండి. కరెంటు పోతే పదీ ఆగుతాయి, ఒక్కటి కూడా నడవదు. మన పిల్లవాడి ర్యాంకు ఒక్కటే. అది ఒక కాలేజీకి చాలకపోతే, దాని పక్కన అంతే బిగువుగా ఉన్న కాలేజీకీ చాలదు. పదీ ఒకే ఎత్తులో ఉన్నవి రాయకూడదు. ఎత్తైనవి కొన్ని, మధ్యవి కొన్ని, మన ర్యాంకుకు బాగా లోపల ఉన్నవి కొన్ని ఉండాలి.

అమెరికాలో మన పద్మశాలీల పిల్లలు కూడా ఉన్నారు, ఫోన్లలో గొప్పగా చెబుతారు. అక్కడి హార్వర్డ్ వంటి కాలేజీల్లో నూరు మంది అర్జీ పెట్టుకుంటే సుమారు నలుగురికే దొరుకుతుంది. అక్కడ ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకు కాదు. వ్యాసం, సిఫారసు ఉత్తరం, ఆటలు, అమ్మానాన్న అక్కడే చదివారా అన్నది కూడా చూస్తారు. ఎందుకు ఇచ్చారో, ఎందుకు ఇవ్వలేదో చెప్పరు. ఆ లెక్క ఎవరూ కట్టలేరు. మన దగ్గర ఎంత అన్యాయం ఉన్నా ఆఖరి ర్యాంకు కాగితం మీద కనిపిస్తుంది. దాన్ని వాడుకోకపోవడం మన తప్పు.

ఆ తప్పు మేము చేశాం. ఇప్పుడు అది చెబుతాం. కొందరికి తెలిసిన కథే, కానీ మా నోటితో సభలో చెప్పలేదు.

కొన్నేళ్ళ కింద ఒక సాంచా కార్మికుడు కొడుకును వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. పిల్లవాడికి సీ.ఈ.టి. లో మంచి పర్సెంటైల్ వచ్చింది. ముంబైలో ఒక సర్కారీ కాలేజీ పేరు చెప్పి, అది మొదట రాయాలా అని అడిగాడు. మేము జాబితా తెరవలేదు. తెరవకుండానే నవ్వాం. "బాబూ, అవన్నీ మనలాంటివాళ్ళకు ఎక్కడ? మొదటి నంబరులో పెద్దది రాస్తే ఉన్నది కూడా పోతుంది. ఊరి దగ్గరి కాలేజీ మొదట రాయి, సీటు ఖాయం" అన్నాం. ఆ పిల్లవాడు మా మీద గౌరవంతో తల ఊపాడు. దగ్గరి ప్రైవేటు కాలేజీ మొదట రాశాడు. మొదటి రౌండులో అదే దొరికింది. మొదట రాసింది దొరికితే అది తీసుకోవలసిందే, తర్వాతి రౌండులో మార్చుకునే వీలు లేదన్నది రూలు. ఆఖరి రౌండు జాబితా వచ్చాక పిల్లవాడే తీసుకొచ్చి చూపించాడు. ముంబై కాలేజీలో అతను అడిగిన శాఖ, అతని వర్గంలో, అతని ర్యాంకు దాటి చాలా దూరం పోయింది. అంటే రాసి ఉంటే వచ్చేది. అతను ఏమీ అనలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు. రెండో ఏడు ఫీజు కట్టలేక చదువు మానేసి, ఇప్పుడు సాంచాలు రిపేరు చేస్తున్నాడు. పనిమంతుడు. మాకు ఎదురు పడితే నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం మాకు బరువుగా ఉంటుంది.

ఇందులో మేము చేసిన పొరపాట్లు రెండు. మొదటిది, జాబితా చూడకుండా భయంతో అంచనా కట్టడం. కోచింగువాడి అంచనా లాభం వైపు తప్పుతుంది, మనది భయం వైపు తప్పుతుంది. బదిలీ దొరకదని ఎవరో అన్నారని గేటుకే పోని మనిషి లాంటిది ఇది. ఆ రోజు ఖాళీలు ముప్పై ఉండవచ్చు.

రెండోది, "పెద్దది రాస్తే చిన్నది పోతుంది" అన్న మాట. అది పచ్చి తప్పు, ఈ వాడలో ఇప్పటికీ సగం ఇళ్ళల్లో అదే నమ్మకం. యంత్రం ఎట్లా పని చేస్తుందో వినండి. మంచి ర్యాంకు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పిల్లవాడినే పిలుస్తుంది. మన పిల్లవాడి వంతు వచ్చినప్పుడు అతను రాసిన మొదటి నంబరు చూస్తుంది. అందులో ఖాళీ ఉంటే ఇస్తుంది. లేకపోతే రెండోది, మూడోది, నలభయ్యోది. కిందిది నలభయ్యో నంబరులో రాసినా, మొదటి నంబరులో రాసినా, దాని కోసం అతని హక్కు ఒకటే, ఎందుకంటే చూసేది ర్యాంకునే. పైన కష్టమైనవి ఇరవై రాసినంత మాత్రాన కిందిది మన చేయి జారదు. కనుక ఆప్షన్ ఫారంలో వరుస మన ఇష్టం ప్రకారం ఉండాలి, ఛాన్సు ప్రకారం కాదు. ఛాన్సు లెక్క దేనికి కావాలంటే, జాబితా ఎంత కిందికి దించాలో తెలుసుకోవడానికి. కింద ఖాయమైనవి నాలుగైదు లేకుండా ఫారం మూయకండి. రాయని కాలేజీ మాత్రం రాదు. పోకూడదనుకున్న కాలేజీ కూడా రాయకండి, అదే వచ్చి కూర్చుంటుంది. రౌండు రూలు, డిపాజిట్ రూలు ఏటేటా కొంత మారుతుంది, ఆ ఏటి బ్రోచరు చదివించుకుని గానీ బటన్ నొక్కకండి.

ఇక కాగితాలు. ర్యాంకుతో వచ్చిన సీటు కాగితంతో పోతుంది. మన పద్మశాలీలకు రాష్ట్రంలో ఎస్.బి.సి., కేంద్రంలో ఓ.బి.సి. అంటే రాష్ట్ర కాలేజీకి ఒక సర్టిఫికెట్, ఐ.ఐ.టి. కి, ఢిల్లీ కోటాకు ఇంకొకటి. ఒకటి చూపించి ఇంకోదానికి కూర్చున్న పిల్లవాడు జనరల్ వరుసలోకి పోతాడు, మన అంచనా అంతా తలకిందులవుతుంది. జాబితాలో ఆఖరి ర్యాంకు చూసేటప్పుడు కూడా ఏ వర్గం గడిలో చూస్తున్నామో వేలు పెట్టి చూడాలి. క్రీమీ లేయర్ కాదన్న సర్టిఫికెట్ గడువు చూసుకోండి. ఆదాయం హద్దు 8 లక్షలు, మనలో ఎవరికీ భయం లేదు.

అసలు కష్టం జాతి పడతాళణీ దగ్గర. ఓ.బి.సి. వర్గానికి 1967 అక్టోబరు 13 కు ముందు నుంచి కుటుంబం మహారాష్ట్రలో ఉన్నట్టు రుజువు అడుగుతారు. మన తాతలు, ముత్తాతలు కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి మిల్లులను వెతుక్కుంటూ కాలినడకన వచ్చినవాళ్ళు. రుజువు అంటే తాత బడి దాఖలా. అది తెలుగు బడి రిజిస్టరులో ఒక రకంగా ఉంటుంది, మరాఠీలో ఇంకో రకంగా ఉంటుంది, రేషన్ కార్డులో మూడో రకంగా ఉంటుంది. ఇంటి పేరులో ఒక వత్తు పోయిందని సీటు పోయిన అమ్మాయి మన వాడలో ఉంది. పిల్ల తెలివి తక్కువ కాదు, ర్యాంకు తక్కువ కాదు, ఒక వత్తు తక్కువ. అందుకే పదో తరగతి పిల్లల తల్లిదండ్రులను కూడా ఇవాళ పిలిచాం. పన్నెండో తరగతి ఫలితం వచ్చాక సేతు ఆఫీసు ముందు నిలబడితే ఆలస్యమే. తాత దాఖలా ఈ దీపావళికే వెతకండి. అటక మీద రేకు పెట్టెలో ఉంటుంది, నాయనమ్మనడగండి. మన వాడలో తొగట, కురుహినశెట్టి, మాదిగ, మోమిన్ కుటుంబాలు కూడా ఉన్నాయి. ఒక్కొక్కరి తారీఖు, ఒక్కొక్కరి గడి వేరు. ఎవరి సంగతి వారు ఆఫీసులో విడిగా అడగండి, పక్కింటివాళ్ళను చూసి ఫారం నింపకండి.

ఫీజు కూడా ఛాన్సులో భాగమే. మన కుంభారిలోనే మెడికల్ కాలేజీ ఉంది, రోజూ దాని మీదుగానే పనికి పోతాం. కానీ ప్రైవేటు మెడికల్ ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. సోలాపూర్ ఊళ్ళో సర్కారీ మెడికల్ కాలేజీ 1963 నుంచి ఉంది, అక్కడి ఫీజు వేరు, అందుకే అక్కడి వరుస బిగువు. ఇంటికి దగ్గర కదా అని ఛాన్సు ఎక్కువ కాదు. ఒక మంచి మార్పు మాత్రం చెప్పాలి. 2024 జులైలో మహారాష్ట్ర సర్కారు వెనుకబడిన తరగతుల ఆడపిల్లలకు, 8 లక్షల లోపు ఆదాయం ఉంటే, సర్కారీ కౌన్సిలింగు ద్వారా వృత్తి చదువులో చేరితే ట్యూషన్ ఫీజు, పరీక్ష ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. అంతకు ముందు సగమే ఉండేది. మేనేజ్‌మెంట్ కోటాకు ఇది లేదు, డీమ్డ్ యూనివర్సిటీలకు లేదు. "కౌన్సిలింగు ఎందుకు, మేనేజ్‌మెంట్‌లో నేరుగా ఇప్పిస్తా" అనే ఏజెంటు మీ కూతురి హక్కును కూడా అమ్మేస్తున్నాడని తెలుసుకోండి. మగపిల్లవాడి కోచింగుకు అప్పు తెచ్చి, ఆడపిల్లను బీడీ చాటలో కూర్చోబెట్టిన ఇళ్ళు ఈ వరుసల్లో ఎన్ని ఉన్నాయో మాకు తెలుసు. లెక్క తెలిసినవాళ్ళు ఆ పని చేయరు. ఇవాళ ఆడపిల్ల సీటు ఖర్చు తక్కువ.

ఆ తప్పు జరిగాక మేము ఒక నోటుబుక్కు పెట్టాం. ఏ పిల్లవాడికి ఏ కాలేజీ ఎంత ఛాన్సు అన్నామో, ఆ రోజే తారీఖు వేసి రాస్తాం. సీట్లు తేలాక పక్కన ఏమైందో రాస్తాం. సగం సగం అన్న చోట సుమారు సగం మందికి రావాలి. అందరికీ వస్తే మేము ఇంకా భయపడుతున్నట్టు, ఎవరికీ రాకపోతే ఆశ పెడుతున్నట్టు. బుక్కు టేబుల్ మీదే ఉంటుంది, ఎవరైనా తిరగేయవచ్చు. మొదటి ఏడు పేజీలు చూస్తే మా భయం ఇంకా పోలేదని కనబడుతుంది. ఇప్పుడు కొంత నయం.

కార్యక్రమం ఇది. రాబోయే ఆదివారం నుంచి, సీట్లు తేలే దాకా, ప్రతి ఆదివారం పొద్దున పది గంటల నుంచి ఆఫీసు తెరిచి ఉంటుంది. మూడేళ్ళ ఆఖరి రౌండు జాబితాలు అచ్చు వేయించి పెట్టాం. పిల్లవాడు స్కోర్ కార్డు, జాతి సర్టిఫికెట్ జెరాక్స్, ఒక పెన్సిలు తీసుకుని రావాలి. ఫారం పిల్లవాడే నింపాలి, మేము పక్కన కూర్చుంటాం. తల్లి గానీ తండ్రి గానీ ఒకరు వెంట ఉండాలి. రెండో పాళీ వాళ్ళ కోసం బుధవారం రాత్రి తొమ్మిది తర్వాత కూడా కూర్చుంటాం. ఫీజు లేదు. కాగితం బయటికి తీసుకుపోతే జెరాక్స్ ఖర్చు మీది.

మేము చెప్పిన ఆ సాంచా రిపేరు అబ్బాయికి ఒక చెల్లెలుంది. ఈ ఏడు సీ.ఈ.టి. రాసింది. ముందు వరుసలోనే కూర్చుంది. మొన్న ఆఫీసుకు వచ్చి జాబితా అడిగి తీసుకుని, తనే వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. మమ్మల్ని ఏమీ అడగలేదు. ముంబై కాలేజీ మొదటి నంబరులో రాసింది.